1.10 రాలేదేం?

"సార్, మా మీటర్ 0.97 చూపిస్తోంది. రికార్డులో 1.10 అని రాసేయమంటారా?"

ఇంటర్ ప్రాక్టికల్స్ రోజుల్లో కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఈ ప్రశ్న వినపడకపోతే ఆశ్చర్యపోవాలి. కొందరైతే అడగను కూడా అడగరు. సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని 1.10 వేసేసి, కింద స్కేలుతో గీత కొట్టి, సంతకం కోసం వరసలో నిలబడతారు. అలా రాసినవాళ్లకు మార్కులు రావని చెప్పను, వస్తాయి. కానీ ఆ మధ్యాహ్నమంతా ఆ బల్ల దగ్గర నిలబడినందుకు వాళ్లు నేర్చుకున్నది మాత్రం ఏమీ లేదు.

0.97 తప్పు కాదు. ఆ ఘటానికి ఆ రోజు ఏమైందో మీటర్ చెప్పిన సాక్ష్యం అది. పుస్తకం 1.10 అంటోంది, మీటర్ 0.97 అంటోంది. మధ్యలో 0.13 వోల్టులు ఎవరు తిన్నట్టు? ఈ ఒక్క ప్రశ్న వేయడం అలవాటైతే విద్యుత్ రసాయన శాస్త్రంలో సగం చిక్కులు విడిపోతాయి. విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే మిగతా సందేహాలను కూడా ఆ దారిలోనే చూద్దాం.

అసలు 1.10 ఎక్కడిది?

రాగి, జింక్ ఘటానికి ఆ అంకె పట్టిక నుంచి వచ్చింది. రాగి ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ 0.34 వోల్టులు. జింక్‌ది మైనస్ 0.76. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే 1.10. ఆ 'ప్రమాణ' అన్న మాట వెనక మూడు షరతులున్నాయి. రెండు ద్రావణాలూ ఒక మోలార్ గాఢతలో ఉండాలి. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉండాలి. ఘటం నుంచి కరెంటు తీసుకోకూడదు. మీ బల్ల మీద ఈ మూడింట్లో ఎన్ని నిజం? మే నెలలో ల్యాబ్‌లో 38 డిగ్రీలుంటుంది. ద్రావణం అటెండర్ కలిపింది, గాఢత ఎంతో ఆయనకే తెలియాలి. ఇక కరెంటు తీసుకోకూడదన్న మూడో షరతు చాలామంది గమనించనే గమనించరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ ఘటాన్ని 1836లో తయారుచేసినవాడు జాన్ ఫ్రెడరిక్ డేనియల్. లండన్ కింగ్స్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. ఆయన పరిష్కరించాలనుకున్నదీ మన సమస్యలాంటిదే. అప్పటికి ముప్పై ఆరేళ్ల ముందు, 1800లో, వోల్టా తన బ్యాటరీ స్తంభాన్ని ప్రకటించాడు. అది పనిచేసేది గానీ కాసేపటికే నీరసించిపోయేది. ధన ధ్రువం మీద హైడ్రోజన్ బుడగలు పేరుకుని, లోహానికీ ద్రావణానికీ మధ్య అడ్డుపడేవి. హైడ్రోజన్ అసలు పుట్టకుండా చేస్తే సరి అనుకున్నాడు డేనియల్. రాగిని మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణంలో ఉంచితే దాని మీద హైడ్రోజన్‌కు బదులు రాగే పేరుకుంటుంది. అది మంచిదే కదా! కాకపోతే ఆ నీలి ద్రావణం జింక్‌ను తాకకూడదు. అందుకని రెంటికీ మధ్య ఒక అడ్డు కావాలి, అయాన్లను మాత్రం పోనివ్వాలి. సన్నటి రంధ్రాలున్న మట్టి పాత్ర ఆ పనికి సరిపోయింది.

ఇంట్లో ప్రయత్నించేవాళ్లకు ఇదే మేలైన పద్ధతి. పూత వేయని చిన్న మట్టి ముంత కొనుక్కోండి. కూజాలో నీళ్లు చల్లబరిచే ఆ చెమ్మే ఇక్కడ పనికొస్తుంది. ముంతలో జింక్ సల్ఫేట్ ద్రావణం పోసి జింక్ రేకు నిలబెట్టండి. ముంతను ఒక గాజు గిన్నెలో పెట్టి చుట్టూ మైలుతుత్తం ద్రావణం పోసి, అందులో రాగి రేకు ఉంచండి. మట్టి తడిసేదాకా పది నిమిషాలు ఆగి మీటర్ పెట్టండి. ఈ రెండు లవణాలూ ఎరువుల దుకాణంలో దొరుకుతాయి. ఒకటి బోర్డో మిశ్రమానికి వాడేది, రెండోది వరిలో జింక్ లోపానికి చల్లేది. వ్యవసాయానికి అమ్మేదాంట్లో మలినాలుంటాయి కాబట్టి లెక్కలకు పనికిరాదు గానీ, ఘటం పనిచేయడం చూడటానికి చాలు. 250 మిల్లీలీటర్ల ఒక మోలార్ ద్రావణానికి మైలుతుత్తం స్ఫటికాలు 62.4 గ్రాములు, ఏడు నీటి అణువులున్న జింక్ సల్ఫేట్ 71.9 గ్రాములు కావాలి. పదో వంతు గాఢత చాలనుకుంటే పదో వంతే తూచుకోండి. మైలుతుత్తం విషం. వంట గిన్నెలు, వంట చెంచాలు దాని దగ్గరికి తీసుకెళ్లొద్దు.

ద్రావణం పల్చనైతే రీడింగ్ పడిపోతుందా?

పడిపోతుంది, కానీ మీరనుకున్నంత కాదు. 0.97 వచ్చినప్పుడు విద్యార్థులు ముందుగా చెప్పే కారణం 'గాఢత సరిగా లేదు సార్' అన్నది. చెప్పడానికి తేలిక, పుస్తకంలో నెర్న్‌స్ట్ సమీకరణం ఉండనే ఉంది. అయితే ఆ సమీకరణాన్నే కాస్త అడిగి చూద్దాం. 25 డిగ్రీల దగ్గర ఈ ఘటం వోల్టేజీ ఇలా ఉంటుంది: 1.10 లోంచి, 0.0296ను జింక్, రాగి అయాన్ల గాఢతల నిష్పత్తి లాగరిథమ్‌తో గుణించి తీసేయాలి. రాగి ద్రావణం ఉండాల్సిన దానికంటే పదింతలు పల్చగా ఉందనుకోండి. లాగ్ విలువ 1. తగ్గేది 0.03 వోల్టులే. నూరింతలు పల్చనైనా తగ్గేది 0.06. అంటే 1.04 దగ్గర ఆగిపోవాలి.

మరి మీ మీటర్ 0.97 అంటోందే! గాఢత మీద నింద వేయాలంటే రాగి ద్రావణం పాతికవేల రెట్లు పల్చగా ఉండాలి. అంత పల్చనైతే నీలిరంగు కంటికే ఆనదు. మీ బీకరులో నీలం కళ్లకు కడుతోంది. కాబట్టి దోషి గాఢత కాదు. ఎండ కూడా కాదు. పది పన్నెండు డిగ్రీల తేడాకు ఈ ఘటం కదిలేది మిల్లీవోల్టుల్లోనే.

ఇక్కడ కాసేపు ఆగమంటాను. పుస్తకంలో ఉన్న ఒక కారణాన్ని తీసుకొచ్చి అతికించడం వేరు, ఆ కారణం ఎంత తేడా తేగలదో లెక్క వేసి చూడటం వేరు. రెండో పనికి రెండు నిమిషాలు పడుతుంది, ఒక లాగరిథమ్ వస్తే చాలు. వైవాలో 'గాఢత వల్ల' అన్న విద్యార్థికీ, 'గాఢత వల్ల ఇంత తేడా రాదు, అందుకే ఇంకోచోట వెతికాను' అన్న విద్యార్థికీ మధ్య తేడాను ఏ ఎగ్జామినర్ అయినా పట్టేస్తాడు.

మరి ఎక్కడ వెతకాలి?

ముందు మీటర్‌నే అనుమానించండి. చాలా ల్యాబుల్లో ఇప్పటికీ ముల్లు ఉన్న పాత వోల్ట్ మీటర్లున్నాయి. వాటి నిరోధం తక్కువ, కొన్నింటిది కొద్ది వేల ఓములే. మూడో షరతు ఇక్కడే తెగిపోతుంది. ఆ మీటర్ వోల్టేజీ కొలవడానికే ఘటం నుంచి కాస్త కరెంటు లాగుతుంది. మీ ఘటం అంతర్నిరోధం, అందులోనూ రెండు బీకర్లను కలిపే సన్నటి లవణ వారధిది, 2,000 ఓములు, మీటర్‌ది 3,000 అనుకోండి. 1.10 వోల్టులు రెండూ పంచుకుంటాయి. మీటర్ వాటాకు వచ్చేది ఐదింట మూడు వంతులు, అంటే 0.66. ఘటం చెక్కుచెదరకుండా ఉంది, కొలిచే పనిముట్టే దాన్ని కుంగదీసింది. అదే ఘటానికి డిజిటల్ మల్టీమీటర్ తగిలిస్తే 1.08 చూపించవచ్చు. మామూలు డిజిటల్ మీటర్ల నిరోధం కోటి ఓముల దాకా ఉంటుంది, అవి లాగే కరెంటు లెక్కలోకి రాదు. ఒకే ఘటాన్ని రెండు రకాల మీటర్లతో కొలిచి పక్కపక్కన రాయండి. అంతర్నిరోధం గురించి ఏ పాఠమూ చెప్పనంత స్పష్టంగా ఆ రెండు అంకెలు చెబుతాయి.

డిజిటల్ మీటర్‌కూ ఒక దొంగబుద్ధి ఉంది. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే చాలా చవక మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. డేనియల్ ఘటానికి 1.3 వచ్చిందని సంబరపడేముందు కొత్త డ్రై సెల్ ఒకటి పెట్టి చూడండి. అది 1.5, 1.6 మధ్య చూపించకుండా 1.9 అంటే ఘటాన్ని వదిలేసి మీటర్‌కు బ్యాటరీ మార్చండి.

మీటర్ నిర్దోషి అని తేలాక లోహాల ముఖం చూడండి. గాలికి ఉన్న జింక్ మీద బూడిదరంగు పొర ఉంటుంది. గరుకు కాగితంతో మెరుపు కనిపించేదాకా రుద్ది, కడిగి, వెంటనే వాడండి. రాగి రేకుకు ఇంట్లో ఉన్నదే మందు. చింతపండు పులుసుతో చెంబు తోమినట్టు తోమి, పులుపు మిగలకుండా కడగండి. తర్వాత క్లిప్పులు. తుప్పు పట్టిన క్లిప్పు మధ్యమధ్యలో రీడింగ్‌ను ఊగిస్తుంది. ద్రావణంలో మునిగిన క్లిప్పు ఇంకా ప్రమాదం, అది మీకు తెలియకుండా మూడో లోహాన్ని ఘటంలోకి దించుతుంది.

చివరగా జింక్ రేకును పైకి తీసి చూడండి. దాని మీద నల్లటి, వెల్వెట్ లాంటి పూత ఉందా? అయితే రాగి అయాన్లు అటువైపు చేరాయి. లవణ వారధి చివరలు తారుమారు చేసి ముంచారో, ఒకే గాజు కడ్డీతో రెండు బీకర్లూ కలిపారో. ఆ నలుపు సన్నగా పేరుకున్న రాగే. అది పడ్డాక జింక్ రేకు తన మీద తానే చిన్న చిన్న ఘటాలు పెట్టుకుని, మీ తీగ జోలికి రాకుండా అక్కడికక్కడే కరుగుతుంటుంది. నేను ఎక్కువగా అనుమానించేది దీన్నే. 0.97 లాంటి రీడింగుల వెనక మురికి జింకో, ఈ నలుపో ఉంటుంది. కానీ మీ బల్ల దగ్గర ఏది నిజమో మీరే తేల్చాలి, అదీ ఒక్కసారికి ఒక్కటే మార్చి. జింక్ రుద్ది, క్లిప్పు మార్చి, కొత్త ద్రావణం పోసి, ఆ తర్వాత 1.08 వచ్చిందంటే ఏది పనిచేసిందో మీకూ తెలియదు.

లవణ వారధి లేకపోతే ఏమవుతుంది?

తీసేసి చూడండి, మీటర్ సున్నా దగ్గరికి పడిపోతుంది, లేదా అర్థంలేని అంకెల మధ్య ఊగుతుంది. తీగలో నడిచేవి ఎలక్ట్రాన్లు. అవి ద్రావణంలోకి దిగి ఈదవు. ద్రావణంలో నడిచేవి అయాన్లు. జింక్ కరుగుతున్న వైపు ధనావేశం పోగవుతుంది, రాగి పేరుకుంటున్న వైపు రుణావేశం మిగులుతుంది. వారధిలోని రుణ అయాన్లు జింక్ వైపుకీ, ధన అయాన్లు రాగి వైపుకీ కదిలి ఆ లెక్క సరిచేస్తాయి. ఆ దారి మూసేస్తే చర్య మొదలైన మరుక్షణమే ఆగుతుంది.

వారధికి వడపోత కాగితం పట్టీని పొటాషియం నైట్రేట్ ద్రావణంలో తడిపితే చాలు. ఎండిపోకుండా చూసుకోవాలి, అంతే. ఎక్కువసేపు నిలవాలంటే 100 మిల్లీలీటర్ల నీటిలో 3 గ్రాముల అగర్ అగర్ మరగబెట్టి, 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి, వంచిన గొట్టంలో పోసి గడ్డకట్టనివ్వండి. కిరాణా కొట్లో 'చైనా గ్రాస్' అని అడిగితే ఇచ్చేది అగరే. డేనియల్ ఘటానికి ఉప్పునీళ్లతో తడిపిన పట్టీ కూడా పనిచేస్తుంది. కానీ వెండి అర్ధఘటం ఉన్నప్పుడు ఉప్పుగానీ పొటాషియం క్లోరైడ్‌గానీ వాడకూడదు. వెండి అయాన్లు క్లోరైడ్‌తో కలిసి తెల్లటి అవక్షేపంగా పడిపోతాయి, వారధి మూతి పూడిపోతుంది. పుస్తకం ఒకచోట క్లోరైడ్, ఇంకోచోట నైట్రేట్ ఎందుకు రాసిందో ఇప్పటికైనా తెలిసిందిగా.

నిమ్మకాయతో బల్బు వెలగలేదేం?

సైన్స్ ఫెయిర్ వచ్చిందంటే నిమ్మకాయలకు గిరాకీ. కాయలో రాగి తీగ ఒకవైపు, జింక్ పూత ఉన్న జీఐ మేకు ఒకవైపు గుచ్చితే డిజిటల్ మీటర్ 0.9 నుంచి ఒక వోల్టు దాకా చూపిస్తుంది. నాలుగు కాయలు వరసగా కలిపితే మూడున్నర పైమాటే. టార్చి బల్బుకు మూడు వోల్టులు చాలు కదా, మరి వెలగదేం?

వోల్టేజీ అంటే మిద్దె మీద ట్యాంకు ఎత్తు. ట్యాంకు ఎంత పైనున్నా దాన్నుంచి వచ్చే గొట్టం సూదంత సన్నగా ఉంటే బిందె నిండదు. నిమ్మకాయ గుజ్జు అలాంటి గొట్టం. ఒక లెక్క చూడండి. కాయ ఒంటరిగా 0.95 చూపించింది. దానికి 1,000 ఓముల నిరోధం తగిలించగానే 0.30కి పడిందనుకుందాం. అప్పుడు నడిచే కరెంటు 0.3 మిల్లీఆంపియర్లు. కాయ లోపల పోయిన 0.65 వోల్టులను ఆ కరెంటుతో భాగిస్తే అంతర్నిరోధం దాదాపు 2,200 ఓములు. టార్చి బల్బు అడిగేది 200 మిల్లీఆంపియర్లకు పైనే. ఎన్ని కాయలు వరసగా పేర్చినా అంతర్నిరోధం కూడా వరసగా పెరుగుతుందే తప్ప ఈ లోటు తీరదు.

ఎర్ర ఎల్ఈడీ అయితే 1.8 వోల్టుల దగ్గర, మిల్లీఆంపియర్‌లో కొద్ది భాగంతోనే మినుకుమంటుంది. నాలుగు కాయలు కలిపి, గది చీకటి చేసి, పొడవు కాలు రాగి వైపు తగిలించి చూడండి. తెల్ల ఎల్ఈడీ జోలికి పోవద్దు, దానికి మూడు వోల్టుల దాకా కావాలి. అంతకంటే మంచి ప్రదర్శన కావాలంటే ద్రవ స్ఫటిక తెర ఉన్న చిన్న గడియారం పెట్టండి. దానికి కావలసిన కరెంటు ఇంకా చాలా తక్కువ.

ఒకే కాయలో నాలుగు జతలు గుచ్చితే నాలుగింతలు వస్తుందా అని అడుగుతారు. రాదు. గుజ్జు అంతా ఒకటే, జతలన్నీ ఒకే ద్రావణంలో ఉన్నట్టు లెక్క. కోసి వేరువేరు ముక్కలు చేస్తే సరే. బంగాళాదుంప మేలా అని ఇంకో ప్రశ్న. ఉడకబెడితే మేలు. ఎనిమిది నిమిషాలు ఉడికించిన దుంప పచ్చిదానికంటే దాదాపు పదింతల శక్తినిస్తుందని జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో చూపించారు. ఉడికితే కణ త్వచాలు చెదిరి అంతర్నిరోధం తగ్గుతుంది. గొట్టం వెడల్పయిందన్నమాట.

అన్నిటికంటే పెద్ద అపోహ శక్తి నిమ్మకాయలోంచి వస్తుందన్నది. చార్టుల మీద 'పండు నుంచి విద్యుత్తు' అని రంగు పెన్నులతో రాస్తారు. కాయ కేవలం ద్రావణం, దాని పులుపులోని హైడ్రోజన్ అయాన్లు ఎలక్ట్రాన్లను అందుకోవడానికి రాగి దగ్గర నిలబడతాయి. కరిగిపోతున్నది జింక్. ఆ జింక్‌ను ఖనిజం నుంచి బయటికి లాగడానికి ఏదో కర్మాగారంలో బోలెడంత కరెంటు ఖర్చుపెట్టారు. విశాఖపట్నంలో ఒకప్పుడు నడిచిన జింక్ స్మెల్టర్‌లో జరిగింది ఆ పనే. అక్కడ పెట్టిన శక్తిలో పిసరంత మీ నిమ్మకాయలో తిరిగి వస్తోంది. జింక్ కరిగింది గనక ఆ కాయను తర్వాత షర్బత్‌కు పిండొద్దు.

అల్యూమినియం మోసం

పట్టిక చూసిన తెలివైన విద్యార్థి ఇలా ఆలోచిస్తాడు: జింక్ మైనస్ 0.76 అయితే అల్యూమినియం మైనస్ 1.66. రాగితో కలిపితే రెండు వోల్టులు రావాలి. చేసి చూస్తాడు. మీటర్ అర వోల్టు చుట్టూ తచ్చాడుతుంది. పట్టిక తప్పా?

పట్టిక ఒప్పే. కానీ మీరు ముంచింది అల్యూమినియం కాదు, అల్యూమినియం ఆక్సైడ్ కోటు తొడుక్కున్న అల్యూమినియం. గరుకు కాగితంతో రుద్దినా గాలి తగలగానే కొత్త కోటు తయారవుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ కోటుకు చిల్లులు పెడుతుంది కాబట్టి, ద్రావణంలో కాస్త ఉప్పు వేసి ఏమవుతుందో గమనించండి. రీడింగ్ కదులుతుంది, అయినా రెండు వోల్టులకు చేరదు. ప్రయోగాలన్నిటిలోనూ నాకు బాగా నచ్చేది ఇదే. మిగతావాటిలో పుస్తకం అంకెకు దగ్గరగా వచ్చి ఆగుతాం, ఇక్కడ సగానికి సగం కూడా రాదు. ఆ లోటు తెచ్చే కోటు వల్లే మన అల్యూమినియం వంట గిన్నెలు చింతపులుసుకు కరిగిపోకుండా నిలబడుతున్నాయి.

ఆనోడ్ ధనమా, రుణమా?

ఇది ఎక్కువసేపు పట్టే విషయం కాదు. ఆనోడ్ దగ్గర ఆక్సీకరణం, కాథోడ్ దగ్గర క్షయకరణం, ఎప్పుడూ, ఎక్కడైనా. ఆ-ఆ, క-క్ష అని గుర్తుపెట్టుకోండి. గుర్తులు మాత్రం మారతాయి. గాల్వానిక్ ఘటం తానే ఎలక్ట్రాన్లను తోస్తుంది కాబట్టి దాని ఆనోడ్ రుణం. విద్యుద్విశ్లేషణలో బయటి బ్యాటరీ లాగుతుంది కాబట్టి అక్కడ ఆనోడ్ ధనం. మీటర్ మైనస్ చూపిస్తే కంగారు పడొద్దు, ఎర్ర తీగ జింక్‌కు తగిలించారంతే.

సమీకరణాన్ని రెండుతో గుణిస్తే పొటెన్షియల్ కూడా గుణించాలా అన్న ప్రశ్న పోటీ పరీక్షల వాళ్లది. గుణించకూడదు. రేకు పెద్దదైనా చిన్నదైనా వోల్టేజీ మారనట్టే ఇదీ. మారేది శక్తి. అందుకే రెండు అర్ధచర్యలు కలిపి మూడో అర్ధచర్య కట్టేటప్పుడు పొటెన్షియళ్లను నేరుగా కూడితే దెబ్బతింటారు. ఇనుము మూడు నుంచి రెండుకు 0.77, రెండు నుంచి లోహానికి మైనస్ 0.44. కూడితే 0.33 వస్తుంది, అది తప్పు. ఎలక్ట్రాన్ల సంఖ్యతో గుణించి కూడి, మొత్తం మూడుతో భాగించాలి. 0.77 లోంచి 0.88 పోతే మైనస్ 0.11, దాన్ని మూడుతో భాగిస్తే దాదాపు మైనస్ 0.04. గుర్తే తారుమారైపోయింది చూడండి.

రీడింగ్ మరీ బాగుంటే?

ఇంతసేపూ తక్కువ వచ్చిన అంకెల గురించే మాట్లాడాను. ఆశించినదానికంటే ఎక్కువ వస్తే మనిషి ప్రశ్నలడగడం మానేస్తాడు, అదే ప్రమాదం. 1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఇద్దరు పేరున్న శాస్త్రవేత్తలు, మార్టిన్ ఫ్లైష్‌మన్, స్టాన్లీ పోన్స్, విలేకరుల సమావేశం పెట్టారు. భారజలంలో పల్లేడియం ఎలక్ట్రోడ్ పెట్టి విద్యుద్విశ్లేషణ చేస్తే, పెట్టిన శక్తి కంటే ఎక్కువ వేడి వచ్చిందనీ, అది గది ఉష్ణోగ్రత దగ్గరే జరిగిన కేంద్రక సంలీనమనీ ప్రకటించారు. దేశదేశాల ల్యాబులు ఎగబడి ప్రయత్నించాయి. చాలామందికి ఏమీ రాలేదు. కేంద్రక చర్య జరిగి ఉంటే రావలసినన్ని న్యూట్రాన్లు రాలేదు. వాళ్లు అనుభవం లేనివాళ్లు కారు, ఫ్లైష్‌మన్ అప్పటికే విద్యుత్ రసాయన శాస్త్రంలో పెద్ద తలకాయ. అంకె కావలసినట్టు వచ్చినప్పుడు, రానప్పుడు అడిగినన్ని ప్రశ్నలే అడగాలి. అది ఎంత పెద్దవాళ్లకైనా కష్టమే.

దీనికి భిన్నమైన కథ ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీది. బొలోన్యాలో చచ్చిన కప్ప కాలు రెండు లోహాలు తగిలితే ఎగిరిపడటం చూశాడు. జంతువులోనే విద్యుత్తు ఉందనుకున్నాడు. పావియాలోని వోల్టా ఆ పరిశీలనను కొట్టిపారేయలేదు, వివరణనే అనుమానించాడు. విద్యుత్తు కప్పలో లేదు, రెండు వేరు వేరు లోహాల్లో ఉందన్నాడు. కప్పనే తీసేసి, ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టాడు. అదే మొదటి బ్యాటరీ. వివరణ ఓడిపోయినా ఘటానికి మాత్రం గాల్వానీ పేరే నిలిచింది, ఆయన చూసిన కదలిక నిజం కాబట్టి.

విద్యుద్విశ్లేషణ చేసేవాళ్లకు కొన్ని మాటలు

గోడ ప్లగ్గు జోలికి ఎప్పుడూ పోవద్దు, 9 వోల్టుల బ్యాటరీ చాలు. మల్టీమీటర్‌ను ఆంపియర్ల దగ్గర ఉంచి ప్లగ్గులో పెట్టడం ప్రాణాంతకం. నీటిని విడగొట్టడానికి ఉప్పు వేస్తే ఆనోడ్ దగ్గర క్లోరిన్ వస్తుంది, బట్టల సోడా వేయండి. ఆనోడ్‌గా స్టెయిన్‌లెస్ స్టీలు చెంచా పెట్టొద్దు, అందులోని క్రోమియం విషపూరిత రూపంలో కరిగి రావచ్చు. పెన్సిల్ కడ్డీ మేలు, అరిగిపోయినా ఫర్వాలేదు. పుట్టే వాయువులను మూత బిగించి దాచొద్దు, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి ఉన్న సీసా చిన్న నిప్పురవ్వకు పేలుతుంది.

హైడ్రోజన్ రెండింతలు రావాలి గానీ ఆక్సిజన్ సగానికి ఇంకాస్త తక్కువే వస్తుంది. అది నీటిలో ఎక్కువ కరుగుతుంది, కొంత కార్బన్ కడ్డీని కూడా తినేస్తుంది. రాగి పూత వేసేవాళ్లు తూకం వేసి చూడండి. 0.1 ఆంపియర్ చొప్పున అరగంట నడిస్తే 180 కూలుంబులు. ఫారడే లెక్క ప్రకారం 59 మిల్లీగ్రాముల రాగి పేరుకోవాలి. మీ తక్కెడ మిల్లీగ్రాములు చూపకపోతే సమయం పెంచండి, కరెంటు పెంచొద్దు. కరెంటు పెరిగితే పూత పొడిపొడిగా రాలి, కడిగేటప్పుడే సగం పోతుంది.

రికార్డులో ఏం రాయాలి?

వచ్చింది వచ్చినట్టు రాయాలి. '0.97. జింక్ మీద నల్లటి పొర కనిపించింది. శుభ్రంగా రుద్దాక 1.07. మిగిలిన 0.03కి గాఢత కారణం కావచ్చు, రాగి ద్రావణం పదింతలు పల్చనైతే అంతే తగ్గుతుంది.' ఈ నాలుగు వాక్యాలు చాలు. అలా రాస్తే మార్కులు కోసే ఎగ్జామినర్లు లేరని చెప్పలేను. ఉన్నారు. అలాంటివారికి లెక్క చూపించి మాట్లాడటం కూడా నేర్చుకోవలసిన విద్యే.

ప్రయోగం అయ్యాక మైలుతుత్తం ద్రావణాన్ని సింకులో పారబోయకండి, కాలువలో చేపలకు అది చాలా హాని. తక్కువ మిగిలితే ఇనుప పీచు వేసి ఒక రోజు ఉంచండి, నీలం పోయి లేత ఆకుపచ్చ అవుతుంది, రాగి గోధుమరంగు పొడిగా అడుగున చేరుతుంది. ఎక్కువ మిగిలితే వేరే సీసాలో పోసి పేరు, గాఢత, తేదీ రాసిన చీటీ అంటించండి. వాడిన ఏ ద్రావణాన్నైనా అసలు సీసాలోకి మాత్రం తిరిగి పోయకండి. మీరు పోసిన జింక్ సల్ఫేట్‌లో రెండు చుక్కల నీలం కలిసి ఉన్నా, వచ్చే ఏడాది బ్యాచ్ వాళ్లు కొత్త రేకు తెచ్చి, శుభ్రంగా రుద్ది ముంచినా నల్లబడుతుంటే కారణం తెలియక తల పట్టుకుంటారు.